కనుమ రాత్రి బ్యాచ్ డిన్నర్ బిల్లు సమానంగా పంచాం, పొద్దున్నకి ఒక స్నేహితుడు గ్రూపులో లేడు. ఏం చేయాలి?

కౌశిక_గట్టు:
మాది కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు, 1998-99 పదో తరగతి బ్యాచ్. వాట్సాప్ గ్రూపులో 46 మంది ఉన్నాం. ఏటా సంక్రాంతికి కలుద్దాం అనుకోవడమే గానీ ఐదారుగురికి మించి ఎప్పుడూ పోగవలేదు. ఈసారి నేనే పట్టుబట్టి కనుమ రాత్రికి, అంటే 2026 జనవరి 16న, అమలాపురంలో ఒక ఏసీ హోటల్లో హాలు మాట్లాడాను. పగలంతా జగ్గన్నతోట ప్రభల తీర్థంలో, అంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దేవుడి ప్రభలు భుజాన మోసుకొచ్చే జాతరలో, ఉంటాం, కనుమ నాడు ఎవరూ ప్రయాణం పెట్టుకోరు, కాబట్టి అందరూ ఊళ్లోనే దొరుకుతారని ఆ రోజు అనుకున్నాం. 23 మంది వచ్చారు. కొందరిని చూసి ఇరవై ఏడేళ్లు. గుర్తుపట్టడానికి పేరు అడగాల్సి వచ్చింది, పేరు చెప్పగానే మొహంలో ఆ చిన్నప్పటి మొహం కనబడింది.

బిల్లు 43,930 వచ్చింది. తలకి 1,910. అందరూ అక్కడే నా ఫోన్‌కి వేసేశారు, ఒక్కడు తప్ప. వాణ్ణి ఇక్కడ చిట్టి అంటాను. కొబ్బరికాయల ఒలుపు పనికి వెళ్తాడు. ఆ రోజు వాడు తిన్నది కాస్త బిర్యానీ, పెరుగన్నం. బిల్లు వచ్చాక జేబులోంచి ఫోన్ తీశాడు. అద్దం పగిలి ఉంది. బొటనవేలితో దాని మీద రెండుసార్లు తుడిచి, మళ్లీ జేబులో పెట్టుకుని, చేతులు కడుక్కునే చోటికి వెళ్లి గోడవైపు తిరిగి ఎవరితోనో మెల్లగా మాట్లాడాడు. తిరిగొచ్చి "రాత్రికి వేస్తాన్రా" అన్నాడు. సరే అన్నాను. రాత్రి 12.20కి డబ్బు వచ్చింది. పొద్దున్న లేచి చూస్తే గ్రూపులో లేడు. నాలుగు రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు.

వాడికి అది రెండు రోజుల పైన కష్టం. ఆ సంగతి నాకు ఆ రాత్రి తట్టలేదు. ఇప్పుడు డబ్బు వెనక్కి పంపితే ఇంకా బాధపడతాడేమో. వదిలేస్తే మనిషే పోతాడేమో. ఎవరికైనా ఇలాంటిది జరిగిందా?

చివరి_బెంచీ:
ఫోన్ ఆపేసి వాళ్లింటికి వెళ్లు. డబ్బు మాత్రం వెనక్కి పంపకు.

లెక్క_లెక్కే:
నా మాట కాస్త కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. 23 మంది కలిసి తిన్నప్పుడు సమానంగా పంచడం అన్యాయం ఏం కాదు. ఎవరు ఎన్ని ముక్కలు తిన్నారో లెక్కేసుకుంటే అది స్నేహితుల భోజనం అవ్వదు. చిట్టి తన వాటా ఇచ్చాడు, నిలబడ్డాడు. ఆయన్ని జాలిపడాల్సిన మనిషిగా చూడటమే అసలు అవమానం. ఒక్క సంగతి అడుగుతా. ఆ 43,930లో మందు ఎంత?

కౌశిక_గట్టు:
@లెక్క_లెక్కే మందు బిల్లు 14,950. తాగింది పది మంది. తిండి 27,600, జీఎస్టీ 1,380.

లెక్క_లెక్కే:
అయితే నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. తిండి వరకే పంచితే తలకి 1,260. తాగినవాళ్లు ఇంకో 1,495 కలిపి 2,755 వేసుకోవాల్సింది. చిట్టి చేత వేరేవాళ్ల గ్లాసుకి 650 కట్టించారు మీరు.

మేడపాడు_లక్ష్మి:
ఆ ఇరవై మూడు మందిలో ఆడపిల్లలు ఎంతమంది వచ్చారన్నా?

కౌశిక_గట్టు:
ముగ్గురు అక్కా. బ్యాచ్‌లో పందొమ్మిది మంది.

మేడపాడు_లక్ష్మి:
అదే అడుగుదామనుకున్నా. ఏడాది మొత్తంలో మేం పుట్టింట్లో ఉండేది సంక్రాంతికే. మాతో చదువుకున్నవాళ్లంతా రెండు మూడు వీధుల దూరంలోనే ఉంటారు, అయినా కలవలేం. కనుమ నాడు తెల్లారేసరికి మినప్పప్పు రుబ్బాలి, గారెలు వెయ్యాలి, కోడికూర వండాలి, అల్లుళ్లకి వడ్డించాలి. రాత్రి ఎనిమిదింటికి హోటల్లో డిన్నర్, అందులో మందు ఉంది అంటే ఏ ఇంట్లో సరే వెళ్లమంటారు? మా బ్యాచ్‌లో రెండేళ్లు ఇలాగే జరిగింది. మూడో ఏడు నేనే గట్టిగా అడిగి పొద్దున టిఫినుకి మార్పించాను. అంబాజీపేట నుంచి పొట్టిక్కలు చెప్పించాం. పనసాకుల బుట్టల్లో ఉడికిన ఆ పిండి వాసనకే సగం మంది చిన్నతనంలోకి వెళ్లిపోయారు. ఎనిమిదింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా ఇళ్లకి. ఆడవాళ్లమే పదిహేను మందిమి వచ్చాం. తలకి 150 కూడా అవ్వలేదు.

చివరి_బెంచీ:
పొట్టిక్కల మీద నెయ్యి వేశారా అక్కా? లేకపోతే లెక్కలోకి రాదు.

మేడపాడు_లక్ష్మి:
నెయ్యి, కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి. నువ్వు కూడా రా తమ్ముడూ.

కారంపొడి:
కనుమ రాత్రి హోటల్లో బిర్యానీ అంటున్నారు, మా ఇంట్లో కనుమ నాడు మాంసం ముట్టం. ఆ రోజు పశువుల పండగ. గారెలే. ముక్క ముట్టేది ముక్కనుమ నాడు.

గోదారి_గట్టు:
@కారంపొడి మా వైపు కనుమ నాడే కోడి కొయ్యాలి. "కనుమ నాడు మినుము తినాలి" అన్నారు గానీ కోడి తినొద్దని ఎవరన్నారు? గారె, కోడిపులుసు కలిపి తినడమే కనుమ.

కౌశిక_గట్టు:
ఈ ఏడు ముక్కనుమ శనివారం పడింది. మాలో ఎనిమిది మంది వెంకన్నకి శనివారాలు ఉంటారు, అందుకే కనుమ రాత్రి పెట్టుకున్నాం.

హోటల్_మేనేజర్_భీమవరం:
ఈ చర్చలో హోటల్ వైపు మాట కూడా వినండి. పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పండగ మూడు రోజులూ మా ఊళ్లో పందేలకి వచ్చినవాళ్లతో గదులు ఖాళీ ఉండవు, హోటళ్లలో కుర్చీ దొరకదు. అదే సమయంలో మా వంటవాళ్లు, సర్వర్లు సగం మంది పండక్కి ఊరెళ్లిపోతారు. వాళ్లకీ పండగే కదా. కాబట్టి ముగ్గురు చేసే పని ఒకడు చేస్తుంటాడు. అలాంటి రోజు 23 మంది కూర్చుని మెనూ కార్డు చూసి తలా ఒకటి చెబితే ఆలస్యం అవుతుంది, తెచ్చినవి మిగిలిపోతాయి, బిల్లు పెరుగుతుంది. బ్యాచ్ డిన్నర్లు చాలా చూశాను. మొదటి పావుగంటలో ఆకలి మీద చెప్పే స్టార్టర్లే బిల్లుని పెంచేస్తాయి, వాటిలో మూడోవంతు టేబుల్ మీదే చల్లారిపోతుంది.

నాలుగు రోజుల ముందే వచ్చి "ఇంతమందిమి, ఇవే వంటకాలు, ప్లేటు ఇంత" అని మాట్లాడుకోండి. మేం కూడా సంతోషంగా తగ్గించి ఇస్తాం, ఎందుకంటే సరుకు లెక్క తెలుస్తుంది. రెండోది, మందుకి జీఎస్టీ ఉండదు, దానికి వ్యాట్ వేరు. అది ఎలాగూ విడిగానే లెక్క తేలుతుంది. రెండు కాగితాలు వచ్చినప్పుడు రెండుగానే పంచుకోవచ్చు కదా. మూడోది, మామూలు రెస్టారెంట్‌లో తిండి మీద జీఎస్టీ 5 శాతం, అంతే. సర్వీస్ ఛార్జి అని బిల్లులో తమంతట తామే కలపకూడదని 2022 జులైలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఉంటే తీసేయమని అడగండి. ఆ డబ్బు వడ్డించిన కుర్రాడి చేతిలో పెట్టండి, పండగ పూట ఇల్లు వదిలి వచ్చినవాడు.

కౌశిక_గట్టు:
చాలా ఉపయోగపడే మాట చెప్పారు. మాకూ అదే జరిగింది. మూడు ప్లేట్ల అపోలో ఫిష్ అలాగే మిగిలిపోయింది.

డాలస్_నుంచి:
ఇదంతా ఎందుకు, కాస్త ఉన్నవాళ్లం పది మందిమి కలిసి మొత్తం పెట్టేసుకుంటే సరిపోదా? 2023లో మా బ్యాచ్ డిన్నర్ ఖర్చు మొత్తం నేనే పంపాను. వీడియో కాల్‌లో అందరినీ చూశాను. అక్కడ రాత్రి ఎనిమిది అంటే నాకు పొద్దున ఎనిమిదిన్నర, ఆఫీసుకి సెలవు పెట్టుకుని మరీ కూర్చున్నా. ప్రేమతోనే చేశాను. కానీ తర్వాతి ఏడు మునుపటి కంటే సగం మందే వచ్చారు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

గోదారి_గట్టు:
అన్నా, మీ మనసు మంచిదే. కానీ ఒకరు పెడితే మిగతావాళ్లు అతిథులైపోతారు. అతిథి వచ్చేటప్పుడు మొహమాటపడతాడు. చిన్నప్పుడు ఒకడి జామకాయ అందరం కొరికామంటే, రేపు ఇంకొకడు తెస్తాడన్న ధీమా ఉండేది. ఆ తెచ్చే అవకాశం లేకుండా చేస్తే వాడికి రావాలనిపించదు.

డాలస్_నుంచి:
ఇలా ఎవరూ చెప్పలేదు తమ్ముడూ. ఆలోచిస్తాను.

ఓరుగల్లు_99:
మా దిక్కు సంక్రాంతికి సకినాలు చేసుకుంటం, ఇంట్లనే ఉంటం. దోస్తులు కలిసేది మాత్రం దసరాకే. సాయంత్రం జమ్మి చెట్టు కాడికి పోతం, ఆకు చేతిల పెట్టి "బంగారం" అని అలయ్ బలయ్ తీసుకుంటం. అక్కడ డాక్టరు, ఆటో తోలేటోడు అన్న తేడా ఉండదు, అందరి చేతిల అదే ఆకు. అందుకే మా బ్యాచ్ మీటింగు ఆడనే మొదలైతది. తర్వాత భోజనం ఎవరో ఒకరి ఇంటి డాబా మీద. వండేటోళ్లకి మాత్రం అందరం కలిసి ఇస్తం.

తెనాలి_మాస్టారు:
నేను ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పాత విద్యార్థులు పిలిస్తే వెళ్తుంటాను. మీలో ఎవరైనా మాస్టార్లని పిలవదలచుకుంటే ఒక మాట. మాకు రాత్రి ఏడున్నరకల్లా తినాలి, ఇన్సులిన్ వేళలు ఉంటాయి. పదింటిదాకా శాలువాలు కప్పి ప్రసంగాలు పెట్టకండి. అన్నట్టు, కౌశిక గట్టు గారూ, మీ మొదటి పోస్టు రెండుసార్లు చదివాను. డబ్బులు ఎవరెవరు ఇచ్చారన్న జాబితా గ్రూపులో ఏమైనా పెట్టారా?

కౌశిక_గట్టు:
పెట్టాను మాస్టారూ. రాత్రి పదకొండింటికి. ఇచ్చినవాళ్ల పేరు పక్కన టిక్కు పెట్టి. లెక్క పారదర్శకంగా ఉండాలని.

తెనాలి_మాస్టారు:
ఆయన డబ్బు వచ్చింది 12.20కి.

కౌశిక_గట్టు:
అవును. 22 టిక్కులు, ఒక ఖాళీ. ఇప్పుడే ఫోన్ తీసి ఆ మెసేజ్ చూశాను. కింద "ఒక్కరిదే రావాలి" అని కూడా రాశాను నేను. దాని కింద ఇద్దరు నవ్వు బొమ్మలు పెట్టారు. నాలుగు రోజులుగా 1,910 గురించే ఆలోచిస్తున్నాను గానీ ఇది గుర్తుకే రాలేదు.

చివరి_బెంచీ:
అయ్యో.

లెక్క_లెక్కే:
లెక్క రాయడంలో తప్పు లేదు. అందరి ముందు రాయడం తప్పు. నేను కూడా మా బ్యాచ్‌కి ఆరేళ్లుగా ఇలాగే లిస్టులు పెడుతున్నాను. ఈ ఏడుతో ఆపేస్తున్నా.

పాత_సైకిల్:
రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. ఆ చిట్టి స్థానంలో నేను ఉన్నాను. చీరాల దగ్గర మగ్గం నేస్తాను. 2017లో మా బ్యాచ్ మొదటిసారి హోటల్లో కలిసింది. వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని గంట ముందే వెళ్లి రోడ్డవతల నిలబడ్డాను, ముందుగా నేనొక్కణ్ణే లోపలికి వెళ్లడం ఇష్టంలేక.

చేతికి మెనూ కార్డు ఇస్తే నా కళ్లు ముందు కుడిపక్కకి పోతాయి. అక్కడ అంకెలుంటాయి. అందరూ ఒక్కొక్కటి చెబుతుంటే నేను మనసులో కూడుతూ కూర్చున్నాను. ఎవరో చిన్నప్పటి కథ చెప్పారు, అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ కథలో నేనూ ఉన్నానట. నాకు వినబడలేదు. అప్పుడు నా లెక్క నాలుగు వేల దగ్గర ఉంది. బిల్లు ఇచ్చాను, అప్పు చేసేంత ఏం కాలేదు. కానీ ఆ తర్వాత నాలుగేళ్లు పిలిచినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పాను. డబ్బు లేక మాత్రమే కాదు. ఆ కూడిక మళ్లీ చేయలేక.

తర్వాత ఒకరోజు మా క్లాసు వాడొకడు నేను నేస్తుంటే వచ్చి మగ్గం గుంట పక్కన కూర్చున్నాడు. గంటసేపు ఏమీ అడగలేదు, పడుగు తెగితే అతుకు వేయడం చూస్తూ ఉన్నాడు. లేచేముందు "ఈసారి బళ్లోనే పెడుతున్నాం, హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. నువ్వు బడిగంట కొట్టేవాడివి కదా, గంట నువ్వే కొట్టాలి, లేకపోతే మొదలవదు" అన్నాడు. వెళ్లాను. గంట కొట్టాను. వేపచెట్టు కింద బంతి వేశారు. పులిహోర, వంకాయ కూర, సాంబారు, అరిసె. ఒక బల్ల మీద మూత ఉన్న డబ్బా పెట్టి ఎవరికి తోచింది వాళ్లు వేయమన్నారు. ఎవరు ఎంత వేశారో ఎవరికీ తెలియదు. ఆ రోజు ప్రతి కథా నాకు వినబడింది.

మేడపాడు_లక్ష్మి:
అన్నా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

డాలస్_నుంచి:
@పాత_సైకిల్ "తర్వాతి ఏడు ఎందుకు రాలేదు" అన్నానే, దానికి జవాబు ఇందులో ఉంది. నేను డబ్బు పంపాను, మనిషి ఇంటికి వెళ్లి కూర్చున్నది మాత్రం మీ స్నేహితుడు. జూన్‌లో ఇండియా వస్తున్నాను, ఈసారి ఇళ్లకే వెళ్తాను.

గోదారి_గట్టు:
డబ్బా పద్ధతి మేమూ చేశాం. ఆరువేలు తక్కువ పడింది. పిలిచినవాడే భరించాడు, వాడూ చిన్న ఉద్యోగస్తుడే. ఆ సంగతి కూడా చూసుకోవాలి.

పాత_సైకిల్:
నిజమే. మా దగ్గర ముందే ముగ్గురు, తక్కువ పడితే మేం చూసుకుంటాం అని వాళ్లలో వాళ్లు అనుకున్నారట. నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

హోటల్_మేనేజర్_భీమవరం:
బళ్లో పెట్టుకునేవాళ్లకి: పండగ రోజుల్లో వంటమేస్త్రి దొరకడం కష్టం, డిసెంబరు మొదట్లోనే అడ్వాన్సు ఇచ్చేయండి. ఆకులు, నీళ్లు, చెత్త తీసే మనిషి, ఈ మూడూ ఎవరో ఒకరి పేరు మీద పెట్టండి. మర్నాడు బడి తెరిచేసరికి ఆవరణ మునుపటిలా ఉండాలి, లేకపోతే రెండోసారి ఒప్పుకోరు.

కారంపొడి:
కాకినాడ సుబ్బయ్య హోటల్ బుట్ట భోజనం లాంటిది తెప్పించుకున్నా సరే. వండే గొడవ ఉండదు, వరసగా కూర్చుని వడ్డించుకోవచ్చు. మెనూ కార్డు అసలు ఉండదు.

కౌశిక_గట్టు:
నిన్న సాయంత్రం చిట్టి ఇంటికి వెళ్లాను. ఖాళీ చేతులతోనే వెళ్లాను, ఏదైనా పట్టుకెళ్తే బిల్లు తీర్చినట్టు ఉంటుందనిపించి. వాడు పని నుంచి అప్పుడే వచ్చాడు. అరచేతుల నిండా పీచు గరుకు, బొటనవేలికి గుడ్డ కట్టు. చూడగానే "కూర్చో" అన్నాడు, లోపలికి వెళ్లి బొండాం కొట్టి తెచ్చాడు. నేను తాగేదాకా ఏమీ మాట్లాడలేదు.

లిస్టు తప్పు నాదేనని చెప్పాను. వాడు ఒప్పుకోలేదు, "నువ్వేం కావాలని చేశావా" అన్నాడు. కాసేపాగి, "ఫోన్ మా అమ్మాయి చూస్తుందిరా. తొమ్మిదో తరగతి. నాన్నా, అందరికీ టిక్కు ఉంది, నీ పేరు పక్కన ఎందుకు లేదు అని అడిగింది. దాని ముందే గ్రూపులోంచి బయటికి వచ్చేశాను" అన్నాడు. నేనేం మాట్లాడలేకపోయాను. ఆ పిల్ల గడపలో కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. నేను ఆ పాపని పిలిచి, మీ నాన్న మా క్లాసులో గంగలకుర్రు ప్రభ భుజం మీద ఎత్తుకున్న మొదటివాడు, కౌశిక కాలువలో నడుం లోతు నీళ్లలో జారినా ప్రభ వంగనివ్వలేదు, మేమంతా గట్టు మీద నిలబడి అరిచాం అని చెప్పాను. చిట్టి తల దించుకుని నవ్వాడు. పాప మాత్రం "నిజంగానా" అని వాడినే అడిగింది.

మళ్లీ గ్రూపులోకి రమ్మని అడిగాను. "గ్రూపు వద్దులే, నాకు ఫోన్ చెయ్యి, ఎత్తుతాను" అన్నాడు. అంతకంటే బతిమాలలేదు.

తెనాలి_మాస్టారు:
ఆ పాపకి చెప్పి మంచి పని చేశారు బాబూ.

చివరి_బెంచీ:
ఆ లిస్టు మెసేజ్ తీసేశావా అన్నా?

కౌశిక_గట్టు:
ఆలస్యమైంది, అందరికీ పోయేలా తీసేయడం కుదరలేదు. నవ్వు బొమ్మ పెట్టిన ఇద్దరికీ విడిగా ఫోన్ చేశాను. ఒకడు అప్పుడే చిట్టి నంబరు అడిగి తీసుకున్నాడు. తాగిన పది మందికీ కూడా చెప్పాను. మిగతా పదమూడు మందికి 650 చొప్పున తిరిగి ఇవ్వాలని వాళ్లే అన్నారు. చిట్టి ఒక్కడికే ఇస్తే బావుండదు, పదమూడు మందికీ ఒకేసారి వేస్తాం.

లెక్క_లెక్కే:
13 ఇంటు 650, 8,450. తాగినవాళ్లు తలా 845. సరిగ్గా సరిపోయింది. లిస్టు మాత్రం పెట్టకండి.

మేడపాడు_లక్ష్మి:
వచ్చే ఏడు పొద్దున టిఫినుకే పెట్టండన్నా. మిగతా పదహారు మంది ఆడపిల్లలు కూడా వస్తారు. పనసాకుల బుట్టలు కుట్టేవాళ్ల వివరం నా దగ్గరుంది, మెసేజ్ పెడతాను.

కౌశిక_గట్టు:
పెట్టండి అక్కా. ముక్కనుమ పొద్దున ఎనిమిదింటికి, బళ్లో. హెడ్మాస్టరు గారిని వచ్చే వారం కలుస్తున్నాను. చిట్టిని కూడా తోడు రమ్మన్నాను, ఆదివారమైతే వస్తానన్నాడు.